వెంటిలేటర్ మీద పెడితే

మా చిన్నాన్నని కట్లపాము కరిచింది. కానీ ఆయన్ని చంపింది పాము కాదు.

రెండేళ్ళుగా ఈ రెండు వాక్యాలు నాలోనే తిప్పుకుంటున్నాను. రాయడానికి చెయ్యి రాలేదు. పోయిన ఆదివారం రాత్రి మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, నాన్న చేలో పురుగుల మందు కొడతా పడిపోయాడు. వెంటిలేటర్ మీద పెట్టారు. డాక్టర్ గారు రోజుకోసారి బయటికొచ్చి, ఏమన్నా అడుగుతారా అంటన్నారు. ఏం అడగాలో తెలీట్లేదు సార్."

ఏం అడగాలో ఆ రోజు నాకూ తెలియలేదు. అందుకే ఈ వారం రాద్దామనుకున్నది పక్కనపెట్టి ఇది రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, దాచుకోండి. ఈ అవసరం ఏ రాత్రి ఎవరింటి తలుపు తడుతుందో చెప్పలేం.

మొగల్తూరు అంటే బయటివాళ్ళకి సినిమా హీరోల ఊరు. మాకు చెరువుల ఊరు. మా తాతలు కోతలు కోసిన చేలు మా కళ్ళముందే రొయ్యల చెరువులయ్యాయి. చెరువు ఎవరిదైనా గట్టు మీద రాత్రి కాపలా మాత్రం మా పేట మగాళ్ళదే. ఇదే మండలంలో, నల్లంవారి తోటలో, 2017 మార్చి 30న ఆక్వా ప్లాంటు ట్యాంకు దగ్గర విషవాయువుకి ఊపిరాడక ఐదుగురు పనివాళ్ళు చనిపోయారు. చెరువు మనది కాదు, రొయ్య మనది కాదు, లాభం మనది కాదు. పోయే ఊపిరి మాత్రం మనది.

చిన్నాన్న గట్టు మీద షెడ్డులో కింద చాపేసుకుని పడుకునేవాడు. మంచం లేదు, దోమతెర లేదు. ఆగస్టు నెల, వాన వెలిసిన రాత్రి. మూడింటికి కడుపునొప్పితో లేచాడు. గ్యాస్ అనుకున్నాడు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. వాపు రాదు, మంట పెద్దగా ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. నేల మీద నిద్రపోయేవాళ్ళనే అది ఎక్కువగా కరుస్తుంది. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. చెరువు చూసుకునే గుమస్తా వచ్చి చూసి, "రాత్రి బాగా పట్టించినట్టున్నాడు, పడుకోనివ్వండి" అని వెళ్ళిపోయాడు.

చిన్నాన్న మా చర్చిలో సంఘ పెద్ద. ఇరవై ఏళ్ళుగా మందు ముట్టని మనిషి. కానీ పేటవాడి రెప్ప వాలితే అది తాగుడు కిందే లెక్క. ఆ లెక్కలో రెండు గంటలు పోయాయి.

పిన్ని గట్టు మీదికి పరిగెత్తి, చూసి, 108కి ఫోన్ చేసింది. దగ్గర్లోని సర్కారు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ఆ రెప్పలు చూడగానే పాము కాటని పట్టేసింది. విరుగుడు ఎక్కించింది. ఊపిరి తగ్గిపోతుంటే గొంతులో ట్యూబు వేసింది. అంబు బ్యాగు చేత్తో నొక్కించుకుంటూ అంబులెన్సులో పెద్ద ఊరికి పంపింది. ఆ తల్లికి మా కుటుంబం రుణం తీర్చుకోలేదు. పెద్ద ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్కారు పథకం కింద చేర్చుకుంది. వెంటిలేటర్ పెట్టారు.

కట్లపాము విషం గురించి ఒక సంగతి మనందరికీ తెలియాలి. అది నరాల కొసల్ని దెబ్బతీస్తుంది. కండరానికి కబురు అందదు. ముందు రెప్ప, తర్వాత గొంతు, ఆ తర్వాత ఊపిరి తీయించే కండరాలు ఆగిపోతాయి. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది కానీ, అప్పటికే దెబ్బతిన్న నరం కొసని బాగుచేయలేదు. ఆ కొసలు వాటంతట అవే మళ్ళీ రావాలి. దానికి రోజులు పడుతుంది, కొందరికి వారాలు. ఆ రోజులన్నీ మిషను ఊపిరి పోస్తూ ఉంటే చాలు, చాలామంది మామూలు మనుషులై ఇంటికెళ్తారు. వెంటిలేటర్ అనగానే మనవాళ్ళు ఇక అయిపోయిందనుకుంటారు. కట్లపాము కాటు తిన్నవాడి విషయంలో అది తప్పు. ఆ మనిషి బాగుపడే దారిలోనే ఉన్నాడు. దారి మధ్యలో ఇంకో జబ్బు రాకుండా చూడాలి, అంతే.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మత్తు ఇవ్వకపోతే, అలా కదలకుండా, రెప్ప ఎత్తలేకుండా పడి ఉన్న మనిషికి తెలివి ఉంటుంది. అన్నీ వింటుంటాడు. మేం ఆయన మంచం పక్కన నిలబడి శవం దగ్గర మాట్లాడుకున్నట్టు గుసగుసలాడుకున్నాం.

నాలుగో రోజు కుడిచేతి వేళ్ళు కదిలాయి. పిన్ని ఆసుపత్రి మెట్ల మీద మోకరించి ప్రార్థన చేసింది. ఐదో రోజు జ్వరం వచ్చింది. ట్యూబులో కఫం చిక్కగా, పచ్చగా తేలింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద తెల్లగా కమ్మింది. "నెమ్ము చేసిందండి" అన్నారు. ఒక యాంటీబయాటిక్ మార్చి ఇంకోటి పెట్టారు. పదకొండో రోజు తెల్లవారుజామున చిన్నాన్న పోయాడు. చేతికిచ్చిన కాగితంలో కారణం ఒక్కటే ఉంది. పాము కాటు.

అబద్ధం కాదు. పాము కరవకపోతే ఆయన ఆ మంచం ఎక్కేవాడే కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. విషం దిగిపోతున్న మనిషిని మంచం మీద నెమ్ము తీసుకుపోయింది. ఆ ముక్క ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మూడో రోజు సాయంత్రం మమ్మల్ని అయిదు నిమిషాలు లోపలికి పంపారు. నేను మిషను మీద అంకెలు చూస్తున్నాను. పిన్ని ఆయన నోరు చూసింది. బయటికొచ్చాక చెప్పింది. "ఏరా అబ్బాయ్, మీ చిన్నాన్న నోరు చూశావా? పెదాలు పగిలిపోయి, నాలిక మీద తెల్లగా పేరుకుపోయింది. వాసనొస్తంది. మంచం చదునుగా పడేశారు. కాస్త తల ఎత్తుగా పెట్టి, నోరు శుభ్రం చెయ్యమని అడగరా. వాళ్ళకి తీరిక లేకపోతే నేను చేస్తాను. మీ మామ్మకి మూడేళ్ళు చేశాను కదా."

నేను గుమ్మం దగ్గరికెళ్ళి నర్సుని అడిగాను. "బయటివాళ్ళు పేషెంటుని ముట్టుకోకూడదండి" అంది. ఆ అమ్మాయి చెడ్డగా అనలేదు, రూలు చెప్పింది. కానీ ముట్టుకోకూడదు అనే మాట తరతరాలుగా విన్న చెవులు మావి. ఆ మాటకి మా ఒళ్ళు దానంతట అదే వెనక్కి జరుగుతుంది. నేను వెనక్కొచ్చేశాను. పిన్నితో "వాళ్ళకి తెలుసులే పిన్నీ" అన్నాను.

నా పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, తెలుగు సాహిత్యంలో. నోరు లేనివాళ్ళ నోరు గురించి క్లాసులో గంటలు గంటలు పాఠం చెప్తాను. ఆ గుమ్మం దగ్గర నాకు నోరు పెగల్లేదు. ఏడో తరగతిలో బడి మానేసిన మా పిన్ని అయిదు నిమిషాల్లో రెండు చూసింది. తల ఎత్తు, నోటి శుభ్రం. తర్వాత నెలల తరబడి చదివితే నాకు తెలిసింది, ఈ జబ్బు రాకుండా ఆపడానికి ఐసీయూలు రాసుకునే జాబితాల్లో ఆ రెండూ ఉంటాయని.

ఆ రెండూ చేసి ఉంటే చిన్నాన్న బతికేవాడని నేను ప్రమాణం చేయను. ఎంత మంచి ఐసీయూలోనైనా కొందరికి ఈ నెమ్ము వస్తుంది. కానీ ఎందుకు వస్తుందో తెలిస్తే, ఇది తలరాత కాదని మీకే అర్థమవుతుంది.

మనిషి నోట్లో రోజుకి దాదాపు లీటరు ఉమ్ము ఊరుతుంది. మనం తెలియకుండానే మింగేస్తాం. పొరపాటున చుక్క ఊపిరిగొట్టంలోకి పోతే పొలమారి దగ్గుతాం. ఆ దగ్గే మన కాపలా. వెంటిలేటర్ ట్యూబు స్వరపేటిక మధ్య నుంచి ఊపిరిగొట్టంలోకి దిగుతుంది. అంటే మూసుకోవాల్సిన తలుపు తెరిచే ఉంటుంది. మింగుడు లేదు, దగ్గు లేదు. ట్యూబు చివర చిన్న బెలూను ఉంటుంది, గాలి నింపితే గొట్టాన్ని మూస్తుంది. కానీ ఆ బెలూను మడతల పక్కనుంచి, దాని పైన నిలిచిన ఉమ్ము కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. మంచం చదునుగా ఉంటే కడుపులోది కూడా పైకి వచ్చి అందులో కలుస్తుంది. శుభ్రం చేయని నోట్లో రెండు మూడు రోజుల్లోనే ఆసుపత్రి సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. వాటిలో చాలావాటికి మామూలు మందులు పనిచేయవు. ట్యూబు లోపలి గోడకి పాచి పట్టినట్టు అవి అంటుకుంటాయి. ట్యూబు వేసిన 48 గంటల తర్వాత వచ్చే ఈ నెమ్ముకి డాక్టర్లు వెంటిలేటర్ న్యుమోనియా అని పేరు పెట్టారు. సంక్షిప్తంగా వీఏపీ అంటారు.

మిషను పాడై వచ్చే జబ్బు కాదిది. నోట్లో నిలిచిన నీళ్ళ నుంచి వచ్చే జబ్బు.

మరి ఆపేదేంటి? 1999లో స్పెయిన్‌లోని బార్సిలోనా డాక్టర్లు వెంటిలేటర్ మీద ఉన్న 86 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మంచం తల వైపు 45 డిగ్రీలు ఎత్తారు. రెండో జట్టుని చదునుగా పడుకోబెట్టారు. నెమ్ము వచ్చిందని అనుమానించినవాళ్ళు చదును మంచాల మీద 34 శాతం, ఎత్తు మంచాల మీద 8 శాతం. చిన్న పరీక్షే, తర్వాత వచ్చిన అన్ని పరీక్షల్లోనూ తేడా అంత పెద్దగా కనపడలేదు. అయినా తల 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం ప్రపంచమంతా రూలయింది. ఖర్చు ఎంత? మంచం పిడి తిప్పినంత.

నోటి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చాలా ఏళ్ళు నోటికి క్లోర్‌హెక్సిడిన్ మందు పూయడమే శుభ్రం అనుకున్నారు. 2022లో అమెరికాలోని ఆసుపత్రి అంటువ్యాధుల నిపుణుల సంఘాలు ఆ సలహాని వెనక్కి తీసుకున్నాయి. మందు పూస్తే మేలు కన్నా కీడు ఉండొచ్చు, పళ్ళు బ్రష్షుతో తోమండి అన్నాయి. అంటే సీసాలో దొరికేదాని కన్నా చేత్తో చేసేది మెరుగని తేలింది. మిగతా జాబితా కూడా చూడండి. రోగిని ముట్టుకునే ముందు, తర్వాత చేతులు శుభ్రం చేసుకోవడం. బెలూనులో గాలి సరిగ్గా ఉందో లేదో కొలవడం. దాని పైన నిలిచినదాన్ని పీల్చేయడం. రోజూ మత్తు తగ్గించి, ఈ రోజు ట్యూబు తీయొచ్చా అని చూడడం. ట్యూబు ఎన్ని రోజులుంటే అన్ని రోజులూ ప్రమాదమే.

ఈ జాబితాలో కోట్ల రూపాయల మిషను ఒక్కటీ లేదు. అన్నీ చేతుల పనులే. అదీ ఎలాంటి పనులు? ఉమ్ము, చొంగ, కఫం, పాచి. మన భాషలో వీటన్నిటికీ కలిపి ఒక పేరుంది, ఎంగిలి.

ఇక్కడే నా అసలు మాట మొదలవుతుంది.

ఈ దేశంలో ఉమ్ము ఒక జబ్బు విషయం కాకముందే కులం విషయం. పీష్వాల పూనాలో అంటరానివాడు ఉమ్ము నేల మీద పడకుండా మెడలో ముంత కట్టుకు తిరగాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. మన ఉమ్ము వాళ్ళ దారిని మైల చేస్తుంది. వాళ్ళ ఉమ్ము ఎత్తడం మాత్రం మన పని. మిషన్ ఆసుపత్రులు వచ్చిన రోజుల్లో కూడా అంతే. అన్నా కుగ్లర్ గుంటూరులో 1898లో ఆసుపత్రి తెరిచిన కాలానికి, పరాయి ఒంటిని, రక్తాన్ని, ఉమ్మిని ముట్టుకునే పని పరువైన ఇళ్ళ ఆడపిల్లలది కాదు. ఆ తర్వాత దశాబ్దాల్లో దళిత క్రైస్తవ ఇళ్ళ నుంచి ఎంతోమంది ఆడపిల్లలు ఆ పనిలోకి వచ్చారు. మన పేటల్లో ఇంటికో నర్సు, ఆయా, వార్డు పనిమనిషి ఉండటం యాదృచ్ఛికం కాదు.

పని మనకిచ్చారు. విలువ ఇవ్వలేదు. అందుకే ఐసీయూ బిల్లులో మిషనుకి అద్దె ఉంటుంది, డాక్టర్ రాకకి రేటు ఉంటుంది, మందుకి, గాజుగుడ్డకి ధర ఉంటుంది. నోరు కడిగిన చేతికి వరస ఉండదు. బిల్లులో లేని పనికి మనిషిని పెట్టరు. మనిషి లేని పని జరగదు. జరగని పని వల్ల వచ్చిన చావు పాము ఖాతాలో పడుతుంది.

చేతుల్లో మైల ఎవరిదో వైద్య చరిత్ర ఒకసారి తేల్చింది. 1840ల్లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో రెండు వార్డులుండేవి. ఒకటి డాక్టర్లది, వైద్య విద్యార్థులది. రెండోది మంత్రసానులది. బాలింత జ్వరంతో డాక్టర్ల వార్డులో తల్లులు చాలా ఎక్కువగా చనిపోయేవారు. 1847లో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ కారణం పట్టాడు. పెద్ద చదువుల చేతులు శవపరీక్ష గదిలోంచి నేరుగా కాన్పు గదిలోకి వెళ్తున్నాయి. క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు, చావులు పడిపోయాయి. కానీ మా చేతులు మైలవా అని పెద్దలకి కోపం వచ్చింది. చాలాకాలం ఒప్పుకోలేదు. మన ఊళ్ళలో మంత్రసాని ఎవరో, ఆమెని పురుడు గది దాటి నట్టింట్లోకి ఎవరు రానివ్వలేదో మీకు చెప్పనక్కర్లేదు.

చిన్నాన్నకి ఎక్కించిన విరుగుడు వెనక కూడా ఇలాంటి చేతులే ఉన్నాయి. తమిళనాడులో ఇరుల ఆదివాసులు 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. మన దేశపు మందు కంపెనీలకి విషం ప్రధానంగా అక్కడి నుంచే వెళ్తుంది. కాటు తినేది మనం, విషం తీసేది వాళ్ళు, నోరు కడిగేది మనం.

చిన్నాన్న పోయిన వారానికి కాగితాల కోసం మళ్ళీ ఆ ఆసుపత్రికి వెళ్ళాను. టీ బండి దగ్గర అదే నర్సు కనపడింది. నన్ను గుర్తుపట్టింది. "సార్, మాదీ పేటేనండి. కోనసీమ" అంది. "ఆ రోజు మీరడిగారు, గుర్తుందండి. రాత్రి డ్యూటీలో అయిదు వెంటిలేటర్లకి నేనొక్కదాన్ని. నోళ్ళు శుభ్రం చేయాలి, సక్షన్ చేయాలి, ఒత్తిగిలించాలి, మందులెక్కించాలి, రాతలు రాయాలి. అన్నీ చేశానని షీటులో టిక్కులు పెట్టకపోతే జీతం కోస్తారు. చేతులు రెండే కదండీ."

వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలని మన దేశపు ఐసీయూ డాక్టర్ల సంఘమే చెప్తోంది. ఆమెకి అయిదుగురు. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె పెట్టిన టిక్కు అబద్ధమే. ఆ అబద్ధం ఆమెతో పెట్టించినవాడు వేరే ఉన్నాడు.

కోవిడ్ సంవత్సరం గుర్తు చేసుకోండి. 2020 మేలో పీఎం కేర్స్ నుంచి 2000 కోట్లతో 50,000 వెంటిలేటర్లు కొంటామని ప్రకటించారు. మరుసటి ఏడాదికే, నడిపే సిబ్బంది లేక చాలా రాష్ట్రాల్లో అవి మూలన పడ్డాయని వార్తలొచ్చాయి. మిషనుకి రిబ్బను కట్టి ఫొటో దిగొచ్చు. నర్సు పోస్టుకి రిబ్బను కట్టలేరు కదా.

విద్యార్థులు ఇంకో కథ తెలుసుకోవాలి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌ని పోలియో ముంచెత్తింది. బ్లెగ్‌డమ్ ఆసుపత్రిలో మొదటి మూడు వారాల్లో, ఊపిరి కండరాలు దెబ్బతిన్న 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్, వివి అనే పన్నెండేళ్ళ పాప గొంతుకి రంధ్రం చేయించి ట్యూబు పెట్టి, రబ్బరు సంచి చేత్తో నొక్కి ఊపిరి పోశాడు. పాప బతికింది. మరి మిగతా అందరికీ రాత్రీ పగలూ సంచి నొక్కేదెవరు? విద్యార్థులు. సుమారు 1500 మంది షిఫ్టులు వేసుకుని నెలల తరబడి నొక్కారు. చావులు సగానికి పైగా తగ్గిపోయాయి. ఇవాళ మనం ఐసీయూ అంటున్నది అక్కడే పుట్టిందంటారు. మిషను తర్వాత వచ్చింది. ముందు చేతులు వచ్చాయి. ఒక్కో రోగి పక్కన ఒక్కో మనిషి కూర్చోవడమే అసలు వైద్యం.

మన కోనసీమ బిడ్డ, కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అని ఒక పుస్తకం రాశారు. స్టేషన్ గుమ్మం దగ్గర నోరు పెగలని మనవాళ్ళకి హక్కులు చెప్పిన పుస్తకం అది. ఐసీయూ గుమ్మం దగ్గర కూడా మనకి అలాంటిది కావాలి. పుస్తకం రాసే విద్య నా దగ్గర లేదు. ఆరు ప్రశ్నలు ఉన్నాయి.

ఒకటి. "మంచం తల వైపు ఎత్తి ఉందా అండీ?" వెన్నెముకకి దెబ్బ, బీపీ బాగా పడిపోవడం లాంటి కారణాలుంటే ఎత్తలేరు. లేకపోతే ఎత్తాలి.

రెండు. "నోరు ఎప్పుడు శుభ్రం చేశారు? బ్రష్షు తెచ్చివ్వమంటారా?" మీరు చేస్తామంటే వాళ్ళ ఎదుటే, వాళ్ళు చూపించినట్టే చేయండి. సక్షన్ లేకుండా నోట్లో నీళ్ళు పోయకండి, అవి లోపలికే పోతాయి.

మూడు. "ఈ రోజు మత్తు తగ్గించి చూశారా? ట్యూబు తీయడానికి ఇంకా ఏం అడ్డం ఉంది?" ఇది రోజూ అడగాలి.

నాలుగు. "బెలూను గాలి కొలుస్తున్నారా? పైన నిలిచింది తీస్తున్నారా?" పురుగుల మందు కేసుల్లో ఉమ్ము, కఫం విపరీతంగా ఊరుతాయి. వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం.

అయిదు. "జ్వరం, కఫం రంగు మారడం ఉందా? కఫం కల్చర్‌కి పంపారా?" ఏ మందు పనిచేస్తుందో ఆ పరీక్ష చెప్తుంది.

ఆరు. "ఈ షిఫ్టులో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు?" ఈ ప్రశ్న నర్సుని కాదు, యాజమాన్యాన్ని అడగండి.

లోపలికెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు మన చేతులు కూడా శుభ్రం చేసుకోవాలి. మన మనిషితో మామూలుగా మాట్లాడండి. వింటున్నాడనే అనుకోండి.

అడిగే తీరు కూడా చెప్తాను. గొంతు పెంచొద్దు. డాక్టర్ మీదకి, నర్సు మీదకి చెయ్యెత్తడం మన పద్ధతి కాదు. ఆ దెబ్బ చాలాసార్లు తగిలేది మన పేట ఆడపిల్లకే. "అమ్మా, నీకు పని ఎక్కువని తెలుసు, నేనేం సాయం చేయను?" అని మొదలుపెట్టండి. "బంధువులు ఇలా ప్రశ్నలు వేస్తే మా పని సాగదు" అని కొందరు డాక్టర్లు అంటారు. అడగని బంధువు వల్ల సుఖంగా సాగిన పని ఎలా ముగిసిందో నేను చూశాను. అయినా గోడ మీద జవాబులు రాసి పెడితే ఎవరూ అడగక్కర్లేదు.

అందుకే సంఘాలు అడగాల్సింది ఇదీ. మన పథకాల డబ్బు తీసుకునే ప్రతి ఐసీయూ, వెయ్యి వెంటిలేటర్ రోజులకి ఎంతమందికి ఈ నెమ్ము వచ్చిందో బయట బోర్డు మీద రాయాలి. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ఈ లెక్క ఎలాగూ రాసుకోవాలి. కానీ ఆ లెక్క ఒక్కటే అడిగితే, టిక్కులు పెట్టినట్టే దాన్నీ దిద్దేస్తారు. దాని పక్కనే షిఫ్టుకి ఎంతమంది నర్సులు, వాళ్ళలో ఎందరు కాంట్రాక్టు అన్నది కూడా ఉండాలి. ఆయాలకి, వార్డు సిబ్బందికి ఈ పనిలో శిక్షణ, పర్మినెంటు ఉద్యోగం, బిల్లులో ఒక వరస ఉండాలి. సర్కారు ఆసుపత్రుల్లో ఈ వివరాలు సమాచార హక్కు కింద పది రూపాయలకి అడగొచ్చు. డిగ్రీ పిల్లలు చేయగలిగిన పని ఇది. ఎస్సీ హాస్టల్‌కి ఒక దరఖాస్తు చొప్పున వేయండి.

మా ఊరికి దగ్గర్లోని పాలకొల్లుకి మంజూరైన సర్కారు మెడికల్ కాలేజీని 2025లో ప్రైవేటు భాగస్వామ్యం జాబితాలో పెట్టారు. ఎవరు నడిపినా సరే, లాభం చూసుకునేవాడు మొదట కత్తిరించేది చేతులనే. ఆ చేతులు మనవి. ఆ మంచం మీద ఉండేదీ మనమే.

ఇంకా ముందుకి వెళ్తే, అసలు ఆ మంచం దాకా ఎందుకు పోవాలి? మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. చచ్చేది ఎక్కువగా పల్లెల్లో పనిచేసుకునేవాళ్ళే. 2030 నాటికి ఆ చావుల్ని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. చెరువు యజమానులారా, ఎకరానికి లక్షలు పెట్టుబడి పెడుతున్నారు. కాపలావాడికి ఒక మంచం, ఒక దోమతెర, ఒక టార్చి లైటు కొనండి. దోమతెర అంచులు పరుపు కింద దోపుకుని మంచం మీద పడుకుంటే కట్లపాము దగ్గరికి రావడం కష్టం. తెల్లారి రెప్ప వాలిన మనిషి కనిపిస్తే, ముందు 108కి ఫోన్ చేయండి. తాగాడో లేదో తర్వాత తేల్చుకోవచ్చు.

మా కుర్రాడి నాన్న ఈ రోజుకి ఆరో రోజు, ఇంకా ట్యూబు మీదే ఉన్నాడు. ఏమవుతుందో తెలీదు. నిన్న రాత్రి వాడు మెసేజ్ పెట్టాడు.

"తల ఎత్తి పెట్టారు సార్. సిస్టర్ గారు దగ్గరుండి చూపించారు. నోరు నేనే తుడిచాను. నాన్న నా వేలు పట్టుకున్నాడు."

దాన్ని పిన్నికి చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వాడు అడిగాడు కదరా" అంది.

జై భీమ్.